మన బతుకు బొమ్మ ఏ కిట్‌లోనూ దొరకదు!

స్కేల్ మోడల్ పోటీ అంటే ఏమిటి? అక్కడ ఏం చూస్తారు, ఎలా మార్కులు వేస్తారు? ఒక్క శుక్రవారం సెలవు దొరికే మనవాళ్ళకు దానితో ఏం పని? సులై మిత్రుల కోసం ఈ వారం ప్రత్యేక కథనం...

సులైలో పొద్దున్నే క్యాంపు గేటు దాటితే ముందు కంటపడేది కంటైనర్. దమ్మామ్ రేవు నుంచి రైల్లో రియాద్ డ్రై పోర్టుకు వచ్చి, అక్కడి నుంచి ట్రైలర్లెక్కి గోదాముల ముందు నిలబడేవి ఇవే. వీటిని తోలేవాళ్ళలో, ఖాళీ చేసేవాళ్ళలో, లెక్కలు రాసేవాళ్ళలో మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతోమంది ఉన్నారు. 40 అడుగుల కంటైనర్ అంటే 12.19 మీటర్ల పొడవు. తలుపు గొళ్ళెం, పక్క రేకుల మడతలు, మూలన తుప్పు మరక, పైన రాసిన నంబరుతో సహా దాన్ని అచ్చంగా 24 సెంటీమీటర్లకు కుదించి బల్ల మీద పెడితే ఎలా ఉంటుంది?

ఇలాంటి పనినే స్కేల్ మోడలింగ్ అంటారు. ప్రపంచంలో లక్షలమందికి ఇది ఇష్టమైన కాలక్షేపం. ఏటా ఎన్నో దేశాల్లో పోటీలు, ప్రదర్శనలు జరుగుతాయి. బ్రిటన్‌లోని టెల్‌ఫర్డ్ పట్టణంలో నవంబరులో జరిగే ప్రదర్శనకు, జపాన్‌లోని షిజువోకాలో మే నెలలో జరిగే ప్రదర్శనకు దూరదేశాల నుంచి కూడా జనం వెళ్తారు. ఇవి పెద్దవి. ఒక బడి హాల్లోనో, క్లబ్బు గదిలోనో నాలుగు బల్లలు వేసి జరుపుకునే చిన్న ప్రదర్శనలు ఇంకా ఎక్కువ. ఆ చిన్న హాల్లోకి మీరు అడుగుపెడితే ఏం కనిపిస్తుందో ముందు చూద్దాం.

బొమ్మకూ మోడల్‌కూ తేడా కొలతే!

సంతలో కొన్న కారు బొమ్మకు టైర్లు పెద్దగా, అద్దాలు చిన్నగా ఉన్నా పిల్లవాడు పట్టించుకోడు. స్కేల్ మోడల్‌లో అలా కుదరదు. అసలు వస్తువులోని ప్రతి కొలతనూ ఒకే అంకెతో భాగించాలి. ఆ అంకెనే స్కేలు అంటారు. 1:72 అంటే అసలుదానిలో 72వ వంతు. ఆరడుగుల మనిషి ఆ లెక్కన ఒక్క అంగుళం అవుతాడు. 1:35లో అదే మనిషి 5 సెంటీమీటర్లు దాటుతాడు. బొమ్మ రైళ్ళలో ఎక్కువగా కనిపించేది 1:87.

డ్రాయింగ్ చదివే మేస్త్రీలకు, ఫోర్‌మన్లకు ఈ లెక్క కొత్త కాదు. ప్లాన్ మీద 1:50 అని రాసి ఉంటే మీటరుకు 2 సెంటీమీటర్లని వాళ్ళు నోటితోనే చెబుతారు. మోడల్ చేసేవాడు కాగితం మీది ఆ లెక్కనే చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో నిలబెడతాడు. సైటు మీద ప్లాన్‌ను పెద్దది చేస్తాం, ఇక్కడ పెద్దదాన్ని చిన్నది చేస్తాం. అంతే తేడా!

ఏ వస్తువుకు ఏ స్కేలు తీసుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. రియాద్‌లోని కింగ్‌డమ్ టవర్ ఎత్తు 302 మీటర్లు. దాన్ని 1:50లో చేస్తే ఆరు మీటర్లు దాటుతుంది, క్యాంపు గదిలో పట్టదు. 1:1000లో చేస్తే 30 సెంటీమీటర్లు, బడి పిల్లల స్కేలు బద్దంత. మనం పడుకునే గది 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉందనుకోండి. 1:50లో అది 8 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. అంటే అరచేయంత! అందులో మంచాలు, గోడకు వేలాడే చొక్కాలు, మూలన బియ్యం బస్తా, కిటికీలో ఏసీ... అన్నీ పట్టాలి. అసలు గదిలో పట్టినట్టే.

వలస వచ్చినవాడు, కోత మిల్లువాడు

ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు ఎలా పుట్టాయో వింటే మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీని 1939లో లండన్‌లో పెట్టిన నికొలస్ కోవ్ ఆ దేశం వాడు కాదు. హంగరీ నుంచి వలస వచ్చినవాడు. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు, తర్వాత ప్లాస్టిక్ దువ్వెనలు చేశాడు. 1940ల చివర ఫెర్గూసన్ ట్రాక్టర్ల కంపెనీ తన సేల్స్‌మన్ల కోసం ట్రాక్టర్ నమూనా కావాలని అడిగింది. మన పొలాల్లో తిరిగే మాస్సీ ఫెర్గూసన్ పేరులోని ఫెర్గూసన్ అదే. ఆ తర్వాత అదే ట్రాక్టర్‌ను భాగాలుగా విడదీసి, కొన్నవాళ్ళే అతికించుకునేలా కిట్‌గా అమ్మారు. 1953లో స్పిట్‌ఫైర్ విమానం కిట్ వచ్చింది.

జపాన్‌లోని తమియా కంపెనీది మరో కథ. 1946లో షిజువోకాలో కలప కోత మిల్లుగా మొదలైంది. మిల్లు చెక్కతో బొమ్మ ఓడలు చేసింది, 1960లో ప్లాస్టిక్ కిట్లలోకి దిగింది. ఈరోజు సైనిక వాహనాల మోడళ్ళలో బాగా వాడుకలో ఉన్న 1:35 స్కేలు ఎలా వచ్చిందో తెలుసా? ఆ కంపెనీ ఒక ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకుంది. తర్వాత కొలిచి చూస్తే 35వ వంతు అని తేలింది. బ్యాటరీ కోసం పెట్టుకున్న కొలత ప్రపంచానికి కొలతైంది!

ఇక 1963లో బ్రిటన్‌లో ప్లాస్టిక్ మోడల్స్ చేసేవాళ్ళంతా కలిసి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఐపీఎంఎస్ అని పిలుస్తారు. తర్వాత చాలా దేశాల్లో దానికి శాఖలు వచ్చాయి. ఎన్నో స్థానిక పోటీలు ఈ సంఘం పద్ధతులనే పాటిస్తాయి.

పోటీ హాల్లో ఏం జరుగుతుంది?

పొద్దున్నే పోటీదారులు అట్టపెట్టెల్లో మోడళ్ళు తెస్తారు. ఒక ఫారం నింపాలి. మోడల్ పేరు, స్కేలు, కిట్‌తో చేశారా, సొంతంగా చేశారా, ఏయే మార్పులు చేశారు... ఇవి రాయాలి. పోటీదారు పేరు న్యాయనిర్ణేతలకు కనిపించకుండా కాగితం మడతపెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. విమానాలు ఒక బల్ల మీద, ఓడలు మరో బల్ల మీద, కార్లు, లారీలు, మనుషుల బొమ్మలు, ఊరు, వీధి లాంటి దృశ్యాలు... దేనికదే విభాగం. పిల్లలకు వేరే విభాగం ఉంటుంది. కొన్నిచోట్ల పిల్లలకు అక్కడికక్కడే ఒక కిట్ ఇచ్చి చేయిస్తారు. చేసింది ఇంటికి పట్టుకుపోవచ్చు.

చూడటానికి వెళ్ళేవాళ్ళకు మొదటి నియమం ఒకటే. కళ్ళతో చూడాలి, చేయి పెట్టకూడదు. ఆరు నెలల పని ఒక్క వేలు తగిలితే విరిగిపోతుంది. ఫొటో తీసే ముందు అడగడం మర్యాద. అన్నిటికంటే మంచిది చేసినవాణ్ని పలకరించడం. "ఈ తుప్పు ఎలా తెచ్చావు?" అని అడిగి చూడండి. కుర్చీ లాగి కూర్చోబెట్టి అరగంట చెబుతాడు!

న్యాయనిర్ణేతలు చిన్న టార్చిలైటు పట్టుకుని వస్తారు. మెరుపులు, హంగులు వాళ్ళు తర్వాత చూస్తారు. ముందు చూసేది మూలపని. రెండు భాగాలు కలిసిన చోట అతుకు కనిపిస్తోందా? రెక్కలు రెండూ ఒకే మట్టంలో ఉన్నాయా? నాలుగు చక్రాలూ నేలను తాకుతున్నాయా? జిగురు బయటికి కారిందా? రంగు కింద వేలిముద్ర ఉందా? స్టిక్కరు అంచు లేచిందా? ఇవన్నీ సరిగా ఉన్న మామూలు మోడల్, వంద హంగులున్నా చక్రం గాలిలో లేచిన మోడల్‌ను ఓడిస్తుంది.

ఫలితాలు ఇచ్చే పద్ధతులు రెండు. ఒకదానిలో ప్రతి విభాగానికీ ఒకటి, రెండు, మూడు స్థానాలే. రెండోదానిలో ఒకరితో ఒకరిని పోల్చరు. ప్రతి మోడల్‌నూ ఒక ప్రమాణంతో చూసి, స్థాయిని బట్టి బంగారు, వెండి, కంచు పతకాలు ఇస్తారు. పది మంది బాగా చేస్తే పది మందికీ బంగారమే.

ఈ పరీక్షలు మనకు కొత్తవా?

ఇప్పుడు అసలు మాటకొద్దాం. పై ప్రశ్నలు మళ్ళీ చదవండి. మట్టం, అతుకు, మూల, రంగు... ఇవన్నీ మనవాళ్ళు రోజూ చేసే పనులే. రసమట్టం పెట్టకుండా టైల్ వేయని మేస్త్రీకి రెక్క మట్టం ఒక లెక్కా? మూలమట్టం లేకుండా తలుపు బిగించని వడ్రంగికి పెట్టె మూల కలపడం కష్టమా? లప్పం పెట్టి, ఎమరీ పేపరు కొట్టి, రెండు చేతులు రంగు వేసే పెయింటర్‌కు అతుకు దాచడం నేర్పాలా? కారు డెంటింగ్ పని చేసేవాడికి రేకు వంపు తెలియదా?

అయితే సైటుకూ ఈ హాలుకూ ఒక పెద్ద తేడా ఉంది. సైటు మీద తప్పు జరిగితేనే ఎవరు చేశారని అడుగుతారు. సరిగ్గా చేసిన పని గోడలో కలిసిపోతుంది. పదేళ్ళు పనిచేసి ఇంటికి పోయినా, ఆ భవనంలో మన చేయి ఎక్కడుందో మనకే తెలుస్తుంది. పోటీ బల్ల దగ్గర మాత్రం ఒక మనిషి వంగి, టార్చి వేసి, మీ అతుకును రెండు నిమిషాలు చూస్తాడు. బాగుంటే బాగుందంటాడు. బహుమతి వచ్చినా రాకపోయినా, పనిని పనిగా చూసే ఆ రెండు నిమిషాలు పనివాడికి దక్కాల్సినవే.

బొమ్మలకు మన దగ్గరా కొదవ లేదు

కొండపల్లి బొమ్మలు ఎవరికి తెలియవు? పొణికి చెక్కను చెక్కి, విడి భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, దంచే ఆడవాళ్ళు... ఒక పల్లె మొత్తాన్ని బల్ల మీద నిలబెడతారు. నిర్మల్ బొమ్మలదీ పొణికి చెక్కే. ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తరిణి పట్టి లక్క రంగులు ఎక్కిస్తారు. సంక్రాంతికి మన ఇళ్ళల్లో మెట్లు కట్టి పెట్టే బొమ్మల కొలువు కూడా ఒక ప్రదర్శనే. ఇరుగుపొరుగును పిలిచి, చూపించి, పసుపు కుంకుమ ఇచ్చి పంపుతారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం బొమ్మ బయటికొచ్చే వేళకు జనం ముందే వచ్చి గుమిగూడటం మనలో చాలామంది చూసిందే. చిన్న బొమ్మ కదిలితే పెద్దవాళ్ళు కూడా పిల్లలైపోతారు!

కానీ కొండపల్లి పల్లెలో ఉన్నది తాతల నాటి పల్లె. అందులో గల్ఫ్ వెళ్ళిన మనిషి లేడు. హాబీ షాపు అరల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, ట్యాంకులు వరసగా ఉంటాయి. మన పల్లెవెలుగు బస్సు ఉండదు. ఎనిమిది మంది పడుకునే క్యాంపు గది ఉండదు. సులై గోదాము, దాని ముందు చాయ్ తాగుతూ నిలబడ్డ మనిషి ఉండడు. ఊళ్ళో కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు, మూడేళ్ళకొకసారి నెల రోజులు మాత్రమే ఉండే ఆ ఇల్లు ఏ కిట్‌లోనూ రాదు. వాటి కొలతలు తెలిసినవాళ్ళు మనమే. చేస్తే మనమే చేయాలి.

ఇంట్లో పిల్లలు "నాన్న ఎక్కడున్నాడు?" అంటే సౌదీ అంటారు. "ఏం చేస్తాడు?" అంటే కంపెనీలో పని అంటారు. ఆ కంపెనీ ఎలా ఉంటుందో, నాన్న తోలే బండికి చక్రాలెన్నో, ఎక్కే మెట్టు ఎంత ఎత్తో వాళ్ళకు తెలియదు. ఫోన్‌లో కనిపించేది ముఖం, వెనకాల గోడ. చాక్లెట్లు, సెంటు సీసాలతో పాటు నాన్న తన చేత్తో చేసిన ట్రైలర్ బొమ్మ పెట్టెలోంచి బయటికి తీస్తే ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు వేరు. "ఈ తాళ్ళు ఎందుకు కడతారు? నువ్వు ఎక్కడ కూర్చుంటావు? అన్నం ఎక్కడ తింటావు?" ఇన్నేళ్ళు చెప్పని సంగతులు అప్పుడు చెబుతాం.

రియాద్‌లో చూడదగ్గవి

మోడళ్ళు చూడాలంటే రియాద్ మురబ్బా ప్రాంతంలో, కింగ్ అబ్దుల్ అజీజ్ చారిత్రక కేంద్రంలో ఉన్న నేషనల్ మ్యూజియంకు వెళ్ళవచ్చు. 1999లో తెరిచారు. పాత పట్టణాల, కట్టడాల నమూనాలు చూస్తే, పెద్ద కట్టడాన్ని కుదిస్తే ఏం మిగలాలి, ఏం వదలాలి అన్నది అర్థమవుతుంది. విమానాల మీద ఇష్టం ఉన్నవాళ్ళకు సఖర్ అల్ జజీరా విమాన మ్యూజియం ఉంది. అదీ 1999లో వచ్చిందే. అక్కడ అసలు విమానాలే ఉన్నాయి కాబట్టి రంగు ఎక్కడ వెలిసిందో, రివెట్లు ఎలా ఉంటాయో దగ్గరగా చూడవచ్చు. బయల్దేరే ముందు ఏ రోజు, ఏ వేళ తెరుస్తారో కనుక్కోండి. ఇఖామా జేబులో ఉండాలి.

2024 డిసెంబరులో మొదలైన రియాద్ మెట్రో కూడా మోడల్ చేసేవాళ్ళకు మంచి పాఠమే. 6 లైన్లు, 176 కిలోమీటర్లు, 85 స్టేషన్లు, డ్రైవర్ లేని రైళ్ళు. ఒక్క బోగీని బాగా గమనించి వచ్చినా రెండు నెలల పని దొరుకుతుంది.

మొదలుపెట్టేవాళ్ళకు కొన్ని మాటలు

కిట్ కొనాలని లేదు. గోదాముల్లో అట్టపెట్టెలకు కొదవేముంది? అట్ట, ఐస్‌క్రీమ్ పుల్లలు, పాత బాల్ పెన్ను గొట్టాలు, తీగ ముక్కలు చాలు. కానీ కంపెనీ సామాను... పనికిరాని తుక్కైనా సరే, ఫోర్‌మన్‌ను అడగకుండా గేటు దాటించవద్దు. బొమ్మ కోసం దొంగతనం మాట పడకూడదు.

మొదట 1:50 తీసుకోండి. మీటరుకు 2 సెంటీమీటర్లు, లెక్క తేలిక. టేపుతో అసలు వస్తువును కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. కంటైనర్ అయితే పొడవు 24.4, వెడల్పు 4.9, ఎత్తు 5.2 సెంటీమీటర్లు. ఐదున్నర అడుగుల మనిషి 3.4 సెంటీమీటర్లు. పక్కన మనిషి బొమ్మ ఒకటి పెడితే తప్ప చూసేవాళ్ళకు సైజు తెలియదు.

స్ప్రే రంగులు, థిన్నర్, ఘాటైన జిగురు గదిలో వాడవద్దు. పది మంది ఊపిరి పీల్చే గది, పక్కనే వంట స్టవ్వు. నీళ్ళ రంగులు చాలు. ఎండాకాలంలో ప్లాస్టిక్ మోడల్‌ను మూసిన బండిలో వదిలితే సాయంత్రానికి వంకరపోతుంది. ఊరికి పోయేటప్పుడు స్ప్రే రంగు డబ్బాలు, థిన్నర్ విమానంలోకి రానివ్వరు. కత్తి, బ్లేడు చేతి సంచిలో పెట్టవద్దు. మోడల్‌ను చిన్న పెట్టెలో దూది, గుడ్డలతో సర్ది చేతి సంచిలోనే తీసుకెళ్ళండి. అసలు తుపాకీలా కనిపించేవి చేయనే వద్దు, కస్టమ్స్‌లో చిక్కులు వస్తాయి. ఎగిరే డ్రోన్‌లకు ప్రభుత్వ అనుమతి కావాలి. సైనిక స్థావరాల, ప్రభుత్వ కట్టడాల ఫొటోలు మోడల్ కోసమైనా తీయవద్దు.

క్యాంపులోనే చిన్న ప్రదర్శన పెట్టుకోవాలంటే ముందు కంపెనీకి, క్యాంపు ఇన్‌చార్జికి చెప్పి ఒప్పించండి. విదేశీ ప్రదర్శనల్లో లాటరీ టికెట్లు అమ్మడం మామూలే కానీ ఇక్కడ లాటరీ, అనుమతి లేని చందాలు రెండూ నేరం. దేవుళ్ళ విగ్రహాలు, గుళ్ళ నమూనాలు బహిరంగంగా పెట్టకపోవడమే క్షేమం. మెస్ హాల్లో జుమ్మా తర్వాత రెండు బల్లలు, ఒక తెల్ల దుప్పటి, ప్రతి బొమ్మ పక్కన దేన్ని చేశారో, ఏ స్కేలో, ఎవరు చేశారో రాసిన చీటీ... ఇంతే ఖర్చు. మలయాళీ, బంగ్లాదేశీ, నేపాలీ, పాకిస్తానీ మిత్రులను కూడా పిలవండి. వాళ్ళ ఊరి పడవ, వాళ్ళ ఊరి అలంకరించిన లారీ కూడా బల్లెక్కుతాయి. న్యాయనిర్ణేతగా క్యాంపులో అందరికంటే సీనియర్ వడ్రంగినో మేస్త్రీనో కూర్చోబెట్టండి. ఆయన చేతికి ఒక టార్చి, ఒక రసమట్టం ఇవ్వండి. అంతకంటే గట్టి జడ్జి ఎక్కడా దొరకడు!

వచ్చే శుక్రవారం గుడ్డలు ఉతుక్కున్నాక, ఇంటికి ఫోన్ చేశాక ఒక గంట మిగిలితే టేపు తీసుకుని మీ గదిని ఒక్కసారి కొలవండి. మంచం పొడవు, కిటికీ ఎత్తు, తలుపు వెడల్పు. ప్రతి మీటరుకు 2 సెంటీమీటర్లు.